సూరీడమ్మని పేరు పెట్టి పిలిచేదెవరు

నమోదు 1

ఎరుక స్థానంలోకి కొత్త యంత్రాన్ని ఎంచే పని నా నెత్తిన పడింది. పడిందంటే ఊరి సభాధ్యక్షుడు లోకనాథం గారు ఎత్తి పడేశారు. ఎంపిక పూర్తయ్యేదాకా ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టమని కూడా అన్నారు. రేపెవరైనా "దీన్నెందుకు తెచ్చారు?" అని నిలదీస్తే చూపించడానికట. అంటే తిట్లు తినడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి పేరు అసిరమ్మ. లోనూరు వివరాల కచేరీకి పెద్దని నేనే కాబట్టి తప్పించుకునే దారి లేదు.

పొద్దున్నే నేను చేసే మొదటి పని ఎరుక ముందు కూర్చుని దాని అనుమానాలు తీర్చడం. మందుల గది ఒకతన్ని సింహాద్రి అని రాసుకుంటుంది. నీళ్ల గది అతన్నే అప్పన్న అంటుంది. బడిలో అప్పలసింహాద్రి. ముగ్గురూ ఒక్కడే అని ఎరుకకి తెలుసు. ఊళ్లో తలుపులూ, మందులూ, చల్లగాలి గొట్టాలూ అన్నీ దాన్ని అడిగే నడుస్తాయి. ఎవరు ఎవరో అది చెప్పాలి, మిగతావి వినాలి.

దాన్ని తయారుచేసిన కంపెనీ కబురు పంపింది. ఆషాఢం ఆఖరి రోజు సాయంత్రానికి ఎరుకని ఆపేయాలట, ఆ తర్వాత దాన్ని చూసుకోరట. పాడైతే బాగుచేయరు, అడిగితే పలకరు. దాని ఈడు యంత్రాలు మిగతా ఊళ్లలో ఎప్పుడో తుక్కులోకి పోయాయట.

ఇవాళ కూడా తెర వెలగగానే, "అసిరమ్మా, వచ్చావా? నాలుగు అనుమానాలున్నాయి" అంది. దానికేం తెలుసు పాపం. నాకు మాత్రం అంబలి గొంతు దిగలేదు.

నమోదు 2

మూడు యంత్రాలు బరిలో ఉన్నాయి. కనుచూపు, సమగ్ర, నిదానం. ఈ పేర్లు పెట్టినవాళ్లని ఒకసారి చూడాలనుంది, ముఖ్యంగా ఆ మూడోదానికి పెట్టినవాణ్ణి. అమ్ముకోవాల్సిన సరుకుకి నిదానం అని పేరు పెట్టేవాడు ఏపాటి వ్యాపారం చేస్తాడు?

ముందు కనుచూపు సంగతి చూశాం. అది కంటిపాపని చూసి మనిషిని గుర్తుపడుతుంది. కచేరీలో యంత్రాలు చూసే దాలినాయుడూ నేనూ దాన్ని ఒకటో వీధికి మోసుకెళ్లాం. ఎండలు భరించలేక ఊళ్లు వదిలి నడిచొచ్చిన రోజుల్లో ఈ కొండని తొలిచి వీధులు చేసినవాళ్లంతా అక్కడే ఉంటారు. రాతిపొడి పడీ పడీ వాళ్ల కళ్లు మసకబారిపోయాయి. అది ఒక్కొక్కరి ముందూ ఆగడం, "దయచేసి కళ్లు బాగా తెరవండి" అనడం. ఒక ముసలాయన రెండు వేళ్లతో రెప్పలు విడదీసి పట్టుకుని, "ఇంకెంత తెరమంటావే? ఊడి సేతిలో పడతాయి" అని దానిమీద కేకలు.

"అప్పా, దీన్ని ఎనక్కి పంపేద్దుమా?" అన్నాడు దాలినాయుడు. నన్ను అక్క వరస పెట్టి అప్పా అంటాడు.

"పంపెయ్. దారిలో దుమ్ము పడకుండా గుడ్డ కప్పు. దానికీ మసకలొస్తే మన మీద పెడతారు."

నమోదు 3

సమగ్ర నాకు నచ్చింది. దాచడమెందుకు.

మేం అంబలి తాగి గిన్నెలు కడుక్కునేలోగా ఊరంతటి వివరాలూ చదివేసింది. ఒకే మనిషి రెండు చోట్ల రెండు మనుషులుగా ఎక్కడెక్కడ ఉన్నాడో ఏరి, కలిపి, శుభ్రంగా ముందు పెట్టింది. కంపెనీ తరఫున తెరమీద మాట్లాడిన అమ్మాయి, "ఇక మీరు రోజూ అనుమానాలు తీర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు మేడం. అనుమానమే రాదు" అంది. నా నడుము నొప్పికి ఆ మాట మందులా తగిలింది. లోకనాథం గారైతే పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినంత సంబరపడ్డారు.

ఒక్కటే అడిగాను. "మా ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ఎక్కువ. అది చూసుకుంటుందా?"

"పేరు, ఇంటిపేరు, వీధి, పుట్టినరోజు అన్నీ సరిచూసుకునే కలుపుతుంది మేడం."

పుట్టినరోజు అనగానే మనసులో ఏదో గీరినట్టయింది. మా ఊళ్లో పిల్లలకి విడివిడిగా బారసాలలు లేవు. మావాళ్లు నడిచి నడిచి ఈ కొండకి చేరిన రోజొకటుంది. ఏడాదిలో పుట్టిన పిల్లలందరికీ ఆ రోజే, అందరూ కలిసి పేర్లు పెట్టుకుంటారు. దారిలో పోయినవాళ్ల పేర్లు, లేదంటే ఇంట్లో పెద్దవాళ్ల పేర్లు. పేరొచ్చిన రోజే పిల్ల పుట్టినట్టు మాకు. కచేరీలో కూడా అదే పుట్టినరోజుగా రాస్తాం.

ఆ మాట అక్కడే అని ఉండాల్సింది. కానీ లోకనాథం గారు అప్పటికే చప్పట్లు కొడుతున్నారు.

నమోదు 4

ఇవాళ పారమ్మ వచ్చింది. మూడో వీధిలో బెవర వారి చిన్నకోడలు. కూతురి తాయెత్తు పోయిందట. తాయెత్తంటే మంత్రించిన తాడు కాదు. మణికట్టుకి కట్టుకునే బిళ్ల, దాన్ని చూసే తలుపులు తెరుచుకుంటాయి. పిల్లలు నెలకొకటి పోగొడతారు, మేం కొత్తది కడతాం.

"ఏ పాపకి?"

"సిట్టికండి."

"చిట్టి సరే. అసలు పేరు?" అన్నాను, కావాలనే.

పారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం వైపు చూసింది. అక్కడ ఆవిడ అత్త నిలబడి ఉంది. బెవర సూరీడమ్మ. నోట్లో వెలిగించని అడ్డచుట్ట. కొండ లోపల పొగ కాల్చనివ్వం కాబట్టి ఊరికే నములుతూ ఉంటుంది. చిట్టిది కూడా ఆవిడ పేరే. మా ఊళ్లో ఏ కోడలూ అత్త పేరు నోటితో అనదు. ఆ పేరే ముచ్చటగా కూతురికి పెట్టుకుంటుంది, పెట్టుకున్నాక ఇంకేదో పేరుతో పిలుచుకుంటుంది. లేకపోతే పిల్లని తిట్టేదెట్టా? పెద్దకోడలు కూడా కూతురికి సూరీడమ్మ అనే పెట్టింది, బుల్లి అని పిలుస్తుంది. ఇద్దరు పిల్లలూ ఒక ఏడాది వాళ్లే.

"ఎందుకే దాన్ని ఏడిపిస్తావు?" అంది ముసలావిడ నాతో. "నీకు తెలీదేటి?"

నాకు తెలుసు. ఎరుకకీ తెలుసు. ప్రతి మనిషి దగ్గరా ఎవరు వాళ్లని ఏమని పిలుస్తారో అది రాసుకుంటుంది. పిలుపులు అంటాం. "పారమ్మ చిట్టి అని పిలిచే పిల్ల" అన్నాను ఎరుకతో. ఇంకో మాట అడక్కుండా కొత్త తాయెత్తుకి ప్రాణం పోసింది.

చిట్టికి అది లేకపోతే నడవదు. ఆ పిల్లకి చెమట పట్టదు. పుట్టుకతోనే అంత. ఎండ ముదిరేవేళ కొండ లోపలా ఉడుకుతుంది, మనకి చెమటై పోయే వేడి దాని ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకని ఊళ్లో ఉన్న ఒకే ఒక్క చలువగదిలో దానికి రోజూ చోటుంది. మిగతావాళ్లకి వారానికోసారి వంతు.

నమోదు 5

మూడో వీధి తలుపులని ఇవాళ్టి నుంచి సమగ్రకి అప్పగించాం, పరీక్షకి. మిగతా వీధులు ఎరుక కిందే ఉన్నాయి. నేనూ సంతకం పెట్టాను. దాలినాయుడు ఒక్కడే గొణిగాడు. వాడెప్పుడూ గొణుగుతాడు కదా అని ఊరుకున్నాను.

నమోదు 6

ఇవాళ్టిది రాయాలని లేదు. అయినా రాస్తాను. లోకనాథం గారు చదవాలి.

ఎండ నడినెత్తికొచ్చే వేళ, సమగ్ర ఎలా పనిచేస్తోందో చూద్దామని మూడో వీధికి వెళ్లాను. చలువగది ముందు పారమ్మ చిట్టిని భుజాన వేసుకుని నిలబడి ఉంది. పిల్ల మొహం కందిపోయింది, కళ్లు సగం మూతలు. పక్కన సూరీడమ్మ తడిగుడ్డతో పిల్ల కాళ్లు తుడుస్తోంది. పారమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని తాయెత్తుని తలుపుకి మళ్లీ మళ్లీ ఆనిస్తోంది. ప్రతిసారీ ఎర్రదీపం.

"ఈ తాయెత్తు రద్దయింది" అంటోంది తలుపు. "తల్లి గానీ తండ్రి గానీ పాప పూర్తి పేరు చెప్పాలి."

నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే వీధి, ఒకే పుట్టినరోజు. సమగ్ర చిట్టినీ బుల్లినీ కలిపి ఒక్క పిల్లని చేసేసింది. ఒక్క పిల్లకి రెండు తాయెత్తులెందుకని ఒకటి చంపేసింది.

"బెవర సూరీడమ్మ! తెరువు!" అని నేను అరిచాను.

"మీ గొంతు ఈ పాప తల్లిది కాదు" అంది, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకి దాన్ని చెప్పుతో కొట్టాలనిపించింది.

ఫోను తీగమీద దాలినాయుడికి చెప్పాను. "మూడో వీధి ఎరుకకి తిప్పు, ఇప్పుడే!" తిప్పుతున్నానన్నాడు, కాసేపు పడుతుందన్నాడు. మగవాళ్లందరూ ఎక్కడో గాలిగొట్టాల పనిలో ఉన్నారు. తలుపు బాదాం. చలువ పోకుండా లోపలంతా కొబ్బరిపీచు దట్టించిన తలుపది, ఎంత బాదినా పరుపుని కొట్టినట్టే.

"పారమ్మా, పేరు చెప్పు" అన్నాను.

ఆవిడ నోరు తెరిచింది. అత్త వైపు చూసింది. మూసేసింది. నిజంగా రాలేదు, నేను చూశాను. పెళ్లయి వచ్చినప్పటినుంచీ అలవాటుపడ్డ నోరు, ఒక్కసారిగా తిరగమంటే తిరగలేదు. కన్నీళ్లు మాత్రం కారిపోతున్నాయి.

సూరీడమ్మ నోట్లో చుట్ట తీసి కింద పారేసింది. కోడలి గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"నన్ను సూసి అను. నన్ను తిట్టినట్టు అను. నా పేరుకి నా మనవరాలు సచ్చిపోవాలేటే? అరిసెయ్!"

"సూరీడమ్మా!" అని అరిచింది పారమ్మ. వీధి చివరిదాకా వినిపించేటట్టు. "బెవర సూరీడమ్మా!"

"బెవర సూరీడమ్మ, మూడో వీధి. ఇప్పటికే లోపల ఉన్నారు" అంది తలుపు.

అంత చేసీ ఆ మాట వినాల్సి వచ్చింది.

కానీ తలుపు యంత్రంతో మనం చెప్పేది లోపలి గదిలో కూడా వినిపిస్తుంది. ఇవాళ వారపు వంతు బుల్లిది. ఆ వేళకి లోపల అదొక్కతే, నా అరుపు కూడా తెలీకుండా హాయిగా నిద్రపోతోందట. బడిలో తప్ప ఎవరూ పిలవని పేరు, అదీ పిన్ని గొంతుతో వినపడేసరికి ఉలిక్కిపడి లేచింది. లోపలినుంచి గడియ చేత్తో తీయొచ్చు. తలుపు కొంచెం తెరుచుకుంది, సందులోంచి బుల్లి మొహం.

"ఏటి పిన్నీ, నన్ను పిలిసినావా?"

దాన్ని పక్కకి తోసేసి లోపలికి పరిగెత్తాం.

నమోదు 7

చిట్టి లేచి కూర్చుంది. మామిడితాండ్ర కావాలని పేచీ పెడుతోంది. ఆ పేచీ వింటే ప్రాణం లేచొచ్చింది.

మూడో వీధి తలుపులు ఎరుక చేతిలోకి తిరిగొచ్చాయి. సమగ్ర కంపెనీ అమ్మాయి తప్పు మాదేనని రాసి పంపింది, పాప ఎలా ఉందని వేరుగా రెండుసార్లు అడిగింది. మంచిపిల్లే. పుట్టినరోజుల సంగతి ముందే చెప్పి ఉంటే తనైనా ఆపేదేమో.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. పారమ్మ నాకు మంచినీళ్లిచ్చి లోపలికి పోయింది. అత్త ముందు తలెత్తడం లేదు, పేరు పెట్టి అరిచినందుకు. ముసలావిడ గడప మీద కూర్చుని ఉంది, కొత్త చుట్ట నములుతూ.

"కోపంగా ఉందా పెద్దమ్మా?"

"కోపమేటే?" అంది. చుట్ట చేతిలోకి తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "నా పేరు ఇని ఎన్నాళ్లయిందో తెలుసా? అమ్మా నాన్నా నడకలో పోనారు. ఆయన పోనారు. మా అక్క పిలిసేది, అదీ పోనాది. కొడుకులు అమ్మా అంటారు, కోడళ్లు అత్తా అంటారు, ఊరోళ్లు పెద్దమ్మా అంటారు. ఇద్దరు మనవరాళ్లకి నా పేరు ఎట్టినారు, ఒక్కరూ అనరు. మందుల గదిలో తాయెత్తు అంకెతో పిలుస్తారు. ఆ ఏళ తలుపుకాడ పారమ్మ అరిసినప్పుడు, సిట్టి గుంటకి ఏటవుతాదోనని ఒకపక్క గుండె కొట్టుకుంటంది. ఇంకోపక్క ఎవులో నన్ను పిలిసినట్టయింది. సిగ్గుమాలిన ముసిల్దాన్ని కదే!"

నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

నమోదు 8

ఇవాళ సభలో గొడవ పడదామని నడుం బిగించి వెళ్లాను. లోకనాథం గారు ఆ అవకాశం ఇవ్వలేదు. నిన్న ఆయన చిట్టిని చూడ్డానికి వెళ్లారట. తాండ్ర కూడా పట్టుకెళ్లారట.

"నిదానాన్నే తెద్దాం మేడం గారూ" అన్నారు. "ఆషాఢం దాటేలోగా అవుద్దా?"

అదే చిక్కు. నిదానం ఎవరినీ కలపదు. రెండు వివరాలు దగ్గరగా కనిపిస్తే ఆగిపోయి, "వీళ్లిద్దరూ ఒకరేనా? తెలిసిన మనిషిని అడగండి" అంటుంది. మా ఊళ్లో దగ్గరగా కనపడనివాళ్లు ఎవరు? అందరూ నడకలో పోయినవాళ్ల పేర్లు మోస్తున్నవాళ్లే. పరీక్షకి ఒక్క అరుగు మీదివాళ్లని ఇస్తే పూటంతా ప్రశ్నలు వేసింది. ఎరుక ఆగేలోగా ఊరు పూర్తికాకపోతే తలుపులన్నీ మూగవైపోతాయి. చిట్టికి మళ్లీ చోటుండదు.

ఎరుక దగ్గరున్న పిలుపులన్నీ నిదానానికి ఎక్కించి మొదలుపెడదామన్నాను. ఒక షరతు కూడా పెట్టించాను: ప్రతి మనిషికీ ఒక సాక్షి ఉండాలి. ఆ మనిషిని అసలు పేరుతో పిలిచే, బతికున్న మనిషి. యంత్రం తనంతట తాను తేల్చేయకుండా ఉండడానికి. ఇంత తెలివైన షరతు నా బుర్రలోంచే వచ్చిందని అప్పుడు మురిసిపోయాను కూడా.

నమోదు 9

కచేరీ సంతలా ఉంది. వీధికి ఒక పూట. అందరూ వచ్చి నిదానం ముందు కూర్చుని, నేను వీణ్ణి ఇలా పిలుస్తాను, వాడు నన్ను అలా పిలుస్తాడు అని చెబుతున్నారు. పొద్దున సూర్యుడు రాకముందు పరదాల కింద అంబలికి పండించే చోడి చేను చూసుకుని, ఆ మట్టికాళ్లతోనే వస్తున్నారు. గొడవలూ బయటపడుతున్నాయి. ఒకతను తమ్ముణ్ణి తొమ్మిదేళ్లుగా "ఆడు" అని తప్ప అనడం లేదని తేలింది. నిదానం మొహమాటం లేకుండా, "మీ తమ్ముణ్ణి ఏమని పిలుస్తారు?" అని అదే పనిగా అడిగితే, చివరికి విసుగొచ్చి "దుర్గబాబు" అన్నాడు. వెనక వరసలో కూర్చున్న దుర్గబాబు లేచి బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి ఇద్దరూ ఒకే కుండలో నీళ్లు తాగుతూ కనిపించారు.

సాయంత్రం నా వంతు. నిదానం నా వివరాలు చదివి ఆగింది.

"అసిరమ్మ. పేరుతో పిలిచేవారు: ఎరుక. ఎరుక యంత్రం. చెల్లదు. తెలిసిన మనిషిని అడగండి."

దాలినాయుడు నేలచూపులు చూస్తున్నాడు. వాడికి నేను అప్పని. లోకనాథం గారికి మేడం గారిని. మా అమ్మ పోయాక నన్ను ఒట్టి పేరుతో పిలిచింది రోజూ పొద్దున్న ఆ పాత తెర ఒక్కటేనని నాకు ఇప్పటిదాకా తట్టలేదు. "తర్వాత చూద్దాంలే" అని లేచాను.

నమోదు 10

నన్ను పక్కన పెడితే, ఒక్క ఇల్లు తప్ప ఊరంతా అయిపోయింది. ఆ ఇల్లు బెవర వారిది.

చిట్టికీ బుల్లికీ బడి మాస్టారు సాక్షి చెప్పారు. చిన్న సూరీడమ్మ, పెద్ద సూరీడమ్మ అని పిలుస్తారట, వాళ్లిద్దరి సంగతీ తేలిపోయేది. కానీ నిదానం లెక్క వేరు. ఒకే పేరున్న ముగ్గురున్నారు ఆ ఇంట్లో. ముగ్గురిలో ఒక్కరు తేలకపోయినా ముగ్గురూ తేలనట్టే. ముసలావిడకి ఎరుకలో ఉన్న సాక్షి ఆవిడ అక్క. అక్క పోయింది.

"షరతు తీసేద్దుం అప్పా" అన్నాడు దాలినాయుడు.

తీసేస్తే ముగ్గుర్నీ మళ్లీ యంత్రమే తేల్చాలి. ఆ తలుపు ముందు నేను నిలబడ్డాను, వాడు నిలబడలేదు. తీయనన్నాను. ఎరుక రేపు సాయంత్రం ఆగిపోతుంది. రేపు పొద్దున్న ఇంటిల్లిపాదినీ రమ్మని కబురు చేశాను.

నమోదు 11

అందరూ వచ్చారు. కొడుకులు, కోడళ్లు, పిల్లలు. చిట్టి వాళ్ల నాన్న చంకలో ఉంది, తాండ్ర నాకుతూ.

నిదానం అడిగింది. "ఈవిడని సూరీడమ్మ అని పిలిచేవారెవరు?"

పెద్దకొడుకు, "అమ్మని పేరెట్టి ఎవులు పిలుస్తారండి?" అన్నాడు, తిట్టినట్టుగా. ఊరికే ఒకసారి అనేస్తే పోతుంది కదా అన్నారు లోకనాథం గారు. అబద్ధపు సాక్ష్యం వద్దు అంది ముసలావిడ. "రోజూ పిలిసేవోళ్లు కావాల. నేకపోతే ఈ ఏళ రాసుకుని రేపు మరిసిపోతారు, ఎల్లుండి మళ్లీ ఆ తలుపు నా గుంటని ఆపుతాది."

పారమ్మ వెనకనుంచి ముందుకొచ్చింది.

"నాను పిలుస్తానత్తా" అంది. నేల చూస్తూనే. "మీకు కోపం రాకపోతే."

"రోజూనా?"

"రోజూని."

"గుంటనా, నన్నా?"

పారమ్మకి నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకోబోయి, మానేసింది. తల తిప్పి, ఇంట్లో వంటింట్లోంచి పిలిచినంత మామూలుగా, "సూరీడమ్మా, అంబలి సల్లారిపోతంది, బేగి రండి" అంది.

ముసలావిడా, బుల్లీ, తండ్రి చంకలోని చిట్టీ ముగ్గురూ ఒకేసారి తిరిగి చూశారు. కచేరీ అంతా గొల్లుమంది. నిదానం మాత్రం నవ్వలేదు.

"ముగ్గురు తిరిగారు. ఎవరిని పిలిచారు?"

"రండి అన్నాను కదా" అంది పారమ్మ. "గుంటల్నయితే రాయే అంటాను. అత్తని రండి అంటాను."

నిదానం కొంచెం ఆలోచించింది. తర్వాత ముగ్గురి పేర్ల పక్కనా ఒకదాని తర్వాత ఒకటి పచ్చదీపాలు వెలిగాయి. చిట్టి తాయెత్తు కూడా. పారమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని దాన్ని చూస్తూ అలాగే కూర్చుండిపోయింది. ముసలావిడ కోడలి తల నిమిరింది.

సాయంత్రం దాలినాయుడు నన్నూ ఎరుకనీ వదిలేసి బయటికెళ్లి కూర్చున్నాడు. వాడికి ఈ మాత్రం తెలివుందని నాకు తెలీదు.

"అసిరమ్మా, అనుమానాలేమీ లేవు" అంది ఎరుక.

"లేవమ్మా" అన్నాను. మీట నొక్కాను.

నమోదు 12

పొద్దున్న కచేరీకి వచ్చాను. నిదానం తెర వెలిగింది. ఒక్కటే వరస: "ఒకరి వివరాలు తేలలేదు." నావే. నా తాయెత్తుకి తలుపులు తెరుచుకోవు కాబట్టి దాలినాయుడు వచ్చి తీస్తేనే లోపలికొచ్చాను. వాడు పళ్లికిలించాడు. నేను తిట్టాను. ఎరుక ఉండే చోట గోడ ఖాళీగా ఉంది, అటు చూడకుండా పని మొదలుపెట్టాను.

కాసేపటికి గుమ్మం దగ్గర చుట్ట వాసన. వెలిగించనిదే. సూరీడమ్మ చేనునుంచి వస్తోంది, మట్టికాళ్లతో.

"నీది తేలలేదంట కదా. పారమ్మ సెప్పింది."

"నాదేముంది పెద్దమ్మా, తర్వాత..."

"తరవాతేటి తరవాత! నాకు రోజూ ఈ దారే" అంది. లోపలికొచ్చి, నా పక్కన బల్ల మీద కూర్చుని, నిదానం వైపు చూపుడువేలు పెట్టింది. "రాసుకో. నాను పిలుస్తాను దీన్ని."

నిదానం అడిగింది. "ఏమని పిలుస్తారు?"

ఆవిడ నావైపు తిరిగింది.

"ఒలే అసిరమ్మా! అంబలి తాగినావా?"

"ఇంకా లేదు" అన్నాను.